కెయాలకెకువాలో స్నార్కెలింగ్: కయాక్ మేలా, బోటు మేలా?

సెలవులు దగ్గరపడుతుంటే కాలిఫోర్నియా, టెక్సాస్‌ల నుంచి హవాయి బిగ్ ఐలాండ్‌కు బయల్దేరే మనవాళ్ళు ఒకటే అడుగుతుంటారు. కెయాలకెకువా అఖాతంలో స్నార్కెలింగ్ (మాస్క్, గొట్టం పెట్టుకుని నీటిమీద తేలుతూ కింద చేపల్ని చూడటం) కోసం ఇంగ్లీషు నావికుడు కెప్టెన్ కుక్ స్తూపం దగ్గరికి కయాక్‌లో, అంటే తెడ్డు వేసే సన్నటి పడవలో వెళ్ళాలా, టూర్ బోటులో వెళ్ళాలా? ఈమధ్య మేమూ ఈ రెండిటి గురించీ బాగా ఆలోచించి కయాక్ వైపు మొగ్గాం. అలాగని అందరికీ అదే చెప్పను.

ఈ ప్రశ్న రావడానికి కారణం ఆ చోటే. స్తూపం ఉన్న కఅవలోవా ఒడ్డుకు కారు వెళ్ళే రోడ్డు లేదు. 1969 నుంచి సముద్ర జీవుల రక్షిత ప్రాంతం కావడంతో పగడాలన్నా చేపలన్నా అక్కడే చూడాలి. ఒడ్డు పక్కన లోతు తక్కువగా పగడాల మెట్ట ఉంటుంది, కాస్త ముందుకెళ్తే నేల ఒక్కసారిగా జారిపోయి అడుగు కనిపించని నీలం మొదలవుతుంది. పసుపుపచ్చ టాంగ్ చేపలు గుంపులు గుంపులుగా తిరిగేది ఈ అంచు మీదే. బోటులో వచ్చినా కయాక్‌లో వచ్చినా చూసేది ఈ చేపలనే. ఖర్చులో కూడా తేల్చి చెప్పేంత తేడా ఉండదు.

నా దృష్టిలో అసలు తేల్చేది ఒక్కటే: మాస్క్ పెట్టుకుని ముఖం నీళ్ళలో ముంచే సమయానికి మీ ఊపిరి ఎలా ఉంది?

ఇది అతిజాగ్రత్త అనుకోకండి. హవాయిలో స్నార్కెల్ చేస్తూ చనిపోయేవాళ్ళలో ఎక్కువమంది బయటినుంచి వచ్చినవాళ్ళే. ఆ మరణాల మీద అక్కడ ఒక పెద్ద అధ్యయనం జరిగింది. చాలామందిలో ప్రమాదం నీళ్ళు మింగడంతో మొదలుకాలేదని, ముందు ఊపిరి అందకపోవడంతో మొదలైందని అందులో తేలింది. గొట్టంలోంచి గాలి పీల్చడం మామూలుగా పీల్చడం కన్నా కష్టం. అలసటతో గట్టిగా లాగి పీల్చేకొద్దీ ఊపిరితిత్తుల్లోకి ద్రవం చేరే అవకాశం ఉంటుంది. గుండె జబ్బు ఉన్నవాళ్ళకు ప్రమాదం మరీ ఎక్కువ. ఈత బాగా వచ్చినంత మాత్రాన దీన్నుంచి తప్పించుకోలేం. ఆయాసం మొదలైందనిపిస్తే కంగారు పడకుండా ముందు గొట్టం తీసేయాలి, వెల్లకిలా తేలుతూ నెమ్మదిగా ఊపిరి తీసుకోవాలి, చెయ్యెత్తి సాయం పిలవాలి, నీళ్ళలోంచి బయటికి వచ్చేయాలి.

ఈ లెక్కన బోటుకు మొదటి మార్కు పడుతుంది. పెద్ద బోటైతే కెయౌహౌ రేవు నుంచో కైలువా రేవు నుంచో నీడలో కూర్చుని వస్తారు, ఒంట్లో శక్తి అంతా అలాగే ఉంటుంది. దిగడానికీ ఎక్కడానికీ నిచ్చెన ఉంటుంది, తేలడానికి సామాను ఇస్తారు, సిబ్బంది కళ్ళు మీ మీదే ఉంటాయి. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలు, బీపీ మందులు వేసుకునేవాళ్ళు, చిన్నపిల్లలు మీతో ఉంటే రెండో ఆలోచన అక్కర్లేదు, బోటే ఎక్కండి. నీళ్ళలోకి దిగకుండా రెయిలింగ్ పట్టుకుని చూస్తూ కూర్చున్నా ఎవరూ ఏమీ అనరు. పెద్ద బోట్లలో బాత్రూమ్ కూడా ఉంటుంది, పెద్దవాళ్ళకు అది చిన్న విషయం కాదు.

కాకపోతే బోటు ఒడ్డుకు ఆనదు. చాలాసార్లు లోతు నీళ్ళలోనే దిగి మెట్ట వైపు ఈదాలి. కింద అడుగు కనిపించకపోతే కొందరికి గుండె దడ మొదలవుతుంది, టెన్షన్‌తో ఊపిరి వేగం పెరుగుతుంది. పైగా అందరూ ఒకేసారి దూకుతారు, ఒకరి కాళ్ళకు తొడిగిన ఫిన్స్ ఇంకొకరి మొహానికి తగులుతాయి, టైమ్ కాగానే పిలుపు వస్తుంది.

కయాక్‌లో నాపోఓపోఓ రేవు నుంచి స్తూపం దాకా దాదాపు మైలు దూరం తెడ్డు వేయాలి. చేతులు నొప్పెడతాయి, మాట నిజమే. కానీ గైడ్‌తో వెళ్తే అవతల ఒడ్డుకు దిగవచ్చు. ఆ నేల మీద కూర్చుని, నీళ్ళు తాగి, ఆయాసం పూర్తిగా తగ్గాకే మాస్క్ పెట్టుకోవచ్చు. మధ్యలో పైకి వచ్చి మళ్ళీ సేదతీరవచ్చు. నాకు కయాక్ నచ్చింది ఇందుకే: ఎప్పుడు దిగాలో, ఎప్పుడు ఆగాలో మన ఒళ్ళు చెప్పినట్టు వినవచ్చు. అందుకే బుక్ చేసేముందు ఒడ్డుకు దింపే పర్మిట్ ఉందా అని తప్పకుండా అడగండి. సొంత కయాక్ తెచ్చుకుని అక్కడ దిగడం కుదరదు.

తెడ్డు వేస్తూ వెళ్తుంటే ఆ చోటు మన కళ్ళముందు నెమ్మదిగా విప్పుకుంటుంది. ఒకపక్క హికియౌ ఆలయపు రాతి వేదిక, మరోపక్క నిట్టనిలువు కొండ. ఆ కొండ గుహల్లోనే పూర్వం హవాయి నాయకుల అస్థికలు దాచేవారు. విరిగిన తెరచాప స్తంభం బాగుచేయించుకోవడానికి తిరిగివచ్చిన కుక్, ఒక పడవ దొంగతనం గొడవలో రాజు కలనియోపుఉను బందీగా పట్టుకెళ్ళబోయి 1779 ఫిబ్రవరి 14న ప్రాణం పోగొట్టుకున్నది ఈ ఒడ్డునే. ఇంజను చప్పుడు లేకుండా అక్కడికి చేరడానికీ, బోటు మైకులో కథ వింటూ చేరడానికీ చాలా తేడా ఉంది. నేనైతే మళ్ళీ వెళ్ళినా తెడ్డే పట్టుకుంటాను.

రెంటిలో ఏది ఎంచుకున్నా పొద్దున టూరే తీసుకోండి. ఈశాన్యపు గాలులకు మౌనాలోవా అగ్నిపర్వతం అడ్డుగా ఉండటంతో ఈ అఖాతం ఉన్న కోనా తీరం పొద్దున పూట ప్రశాంతంగా ఉంటుంది. మధ్యాహ్నానికి సముద్రం మీద నుంచి గాలి తిరుగుతుంది, పైన కాఫీ తోటల మీద మబ్బు కమ్ముతుంది. బోటుకు అదేం లెక్క కాదు గానీ, అలిసిన చేతులతో తెడ్డు వేసేవాళ్ళకు ఆ ఒక్క మైలే చాలా పొడుగవుతుంది.

ఇక పైనున్న రోడ్డు నుంచి స్తూపం దగ్గరికి దిగే నడక దారి. దిగేటప్పుడు హాయిగానే ఉంటుంది. స్నార్కెల్ అయ్యాక నీడలేని ఎండలో దాదాపు 400 మీటర్ల ఎత్తు ఎక్కాలి, దారిలో తాగునీళ్ళు దొరకవు. నేను సలహా ఇవ్వను.

స్పిన్నర్ డాల్ఫిన్లతో ఈదించే టూరు ఏది అని కూడా అడుగుతుంటారు. అవి రాత్రంతా లోతు సముద్రంలో వేటాడి, పగలు నిద్రకోసం ఈ అఖాతంలోకి వస్తాయి. 2021 నుంచి వాటికి 50 గజాల లోపు వెళ్ళడం చట్టవిరుద్ధం. కయాక్‌లో ఉన్నా బోటులో ఉన్నా, ఈదుతున్నా అదే దూరం. అవే మీ వైపు వస్తే పక్కకు తప్పుకోండి, వాటి నిద్ర చెడగొట్టకండి.