కుడి మర చిక్కుడుకు ఎడమ మర కడ్డీ (5కు 2 స్టార్లు)

గాజువాకలో మా డాబా మీది చిక్కుడు పాదులకు ఆన్‌లైన్‌లో నాలుగు ఊతకడ్డీలు తెప్పించాను. ధర 1,180 రూపాయలు. ఐదడుగుల ఇనుప గొట్టం, దాని చుట్టూ కింది నుంచి పైదాకా లావుపాటి వైరు మెలిక. తీగ ఈ మెలిక వెంటే పైకి పాకుతుందని పెట్టె మీద రాశారు.

ముప్పై ఏళ్లు లేతు మీద స్క్రూలకు మరలు (చుట్టూ తిరిగే గాళ్లు) కోసినవాణ్ణి. పెట్టె విప్పగానే నా కన్ను అక్కడే పడింది. రెండు కడ్డీలకు కుడి మర, రెండింటికి ఎడమ మర! చిక్కుడు ఎప్పుడూ కుడి మరే. ఎదురుగా నిలబడి చూస్తే కాడ ఎడమ నుంచి కుడికి వాలుగా ఎక్కుతుంది, అచ్చం మామూలు స్క్రూ గాడిలాగే. మెలిక తిరిగే తీగల్లో నూటికి 92 ఇదే వైపని 2007లో ఒక అధ్యయనం తేల్చింది. బీరులో వేసే హాప్స్ తీగది ఎడమ మర. పెండలం జాతుల్లో కొన్ని ఇటు, కొన్ని అటు.

కంపెనీకి ఫోను చేశాను. "తిరగేసి పాతండి సార్, దిశ మారిపోతుంది" అన్నాడు అవతలి కుర్రాడు. మరను తలకిందులు చేస్తే దిశ మారేటట్టయితే నా ఉద్యోగం సగం తేలికయ్యేది. సైకిలు ఎడమ పెడల్‌కు ఉండేది ఎడమ మర. దాన్ని ఎలా తిప్పి పట్టుకున్నా కుడి పెడల్ చోట ఎక్కదు. అయినా అతని మాట కాదనడమెందుకని ఒక కడ్డీ తిరగేసి చూశాను. ఏమీ మారలేదు.

సరే, చిక్కుడునే మారుద్దామని ఒక కాడను విప్పి వైరు వెంట ఎడమకు చుట్టి జనపతాడుతో కట్టాను. మర్నాటికి తాడు పైన ఉన్న కొస విడిపించుకుని మళ్లీ కుడి మెలికే వేసింది. ఇంకొకటి విప్పబోతే చేతిలోనే చిట్లింది. "పాపం, దాని దారిన దాన్ని పోనివ్వండి" అని మా ఆవిడ కోప్పడింది.

కుడి మర కడ్డీల మీద తీగ వైరు పక్కనే ఒదిగి ముచ్చటగా ఎక్కింది. ఎడమవాటి మీదా ఎక్కింది కానీ, ప్రతి చుట్టుకూ వైరును అడ్డంగా దాటాల్సి వచ్చింది. గాలికి ఊగి, దాటిన ప్రతిచోటా కాడ తోలు ఒరుసుకుపోయింది.

రంగు మాత్రం వర్షాలకు చెక్కుచెదరలేదు, గొట్టం వంగలేదు. ఆ రెండు స్టార్లు వాటికే.

ఎడమ మర కడ్డీలు ఇప్పుడు కాకరకు వాడుతున్నాను. కాకర కాడ మెలిక తిరగదు, నులితీగలతో పట్టుకుంటుంది. ఆ నులితీగ కొస వైరును పట్టాక స్ప్రింగులా చుట్టుకుంటుంది. సగం కుడి మర, సగం ఎడమ మర, నడుమ చిన్న తిన్నటి ముక్క. రెండు కొసలూ బిగిసి ఉన్నప్పుడు మధ్యలో మెలిక వేయాలంటే అంతకన్నా దారి లేదు. డార్విన్ 1865లోనే ఇది రాశాడు. నేను మొన్న భూతద్దం పెట్టి చూశాను.