చప్పుడు లేని షట్టర్‌తో నా తగువు: లో లైట్ కోసం కొన్న బాడీతో నాలుగేళ్లు

ఈ కెమెరా బాడీ (లెన్సు కాకుండా ఉత్త కెమెరా) కొన్న మొదటి నెలలోనే తెలిసినవాళ్లందరికీ చెప్పేశాను, తక్కువ వెలుతురులో ఫొటోలు తీసేవాళ్లు ఇంకో బాడీ వైపు చూడక్కర్లేదని. నా మాట నమ్మి ఇద్దరు అదే కొన్నారు. నాలుగేళ్లయింది. ఆ మాటను పూర్తిగా వెనక్కి తీసుకోను గానీ, అప్పుడు చెప్పకుండా వదిలేసిన సంగతి ఒకటుంది. వదిలేశాననడం కూడా తప్పే, అప్పటికి అది నాకే తెలియదు.

మోడల్ పేరు కావాలనే రాయడం లేదు. నా గొడవ ఒక్క మోడల్‌తో కాదు. 24 మెగాపిక్సెళ్ల ఫుల్ ఫ్రేమ్ (పాత ఫిల్మ్ ఫ్రేమంత సెన్సర్, అంటే వెలుగును పట్టే చిప్, ఉన్న) మిర్రర్‌లెస్ (లోపల అద్దం లేని) బాడీల్లో ఆ తరంవి చాలా వరకు ఇలాగే ఉంటాయి. స్పెసిఫికేషన్లు ఎక్కడైనా దొరుకుతాయి కాబట్టి వాటి జోలికి పోను.

నేను తీసేది ఎక్కువగా నాటకాలు. వంద, నూటయాభై మంది పట్టే చిన్న హాళ్లు. ఫ్లాష్ వాడనివ్వరు, వాడాలని నాకూ లేదు. ప్రేక్షకుల మధ్య కూర్చుని తియ్యాలి, లేదా రిహార్సల్లో నటులకు నాలుగడుగుల దూరంలో నిలబడాలి. పాత కెమెరాతో నాకున్న పెద్ద బాధ గ్రెయిన్ (ఫొటో మీద ఇసక చల్లినట్టు కనబడే చుక్కలు) కాదు, చప్పుడు. పాత్ర గొంతు తగ్గించి అసలు మాట చెప్పబోయే ముందు కాసేపు నిశ్శబ్దంగా ఉంటుంది చూడండి, సరిగ్గా అక్కడే టక్కుమని మోగేది. ముందు వరుసలో తలలు వెనక్కి తిరిగేవి. ఒకసారి ఒక నటి డైలాగ్ మధ్యలో ఆగి నా వైపు చూసింది. తిట్టినా బాగుండేది.

అందుకే సైలెంట్ షట్టర్ ఉన్న ఈ బాడీ చేతికి రాగానే మురిసిపోయాను. మామూలు మెకానికల్ షట్టర్‌లోలా లోపల పరదా కదలదు, సెన్సరే తనంతట తాను చదువుకుంటుంది. బటన్ నొక్కితే వ్యూఫైండర్ అంచున చిన్న గీత మెరుస్తుంది, అంతే. నొక్కానో లేదో నాకే అనుమానం వచ్చేది. దానికి తోడు 6400 ఐఎస్ఓ (వెలుగుకు కెమెరా ఎంత స్పందించాలో చెప్పే అంకె) దగ్గర ముఖాలు ముఖాల్లాగే వచ్చాయి. పాత కెమెరాలో 3200 దాటితే చెంపల మీద ఊదారంగు మచ్చలు పడేవి. మొదటి ఎనిమిది నెలలు మెకానికల్ షట్టర్ ఉందన్న సంగతే మర్చిపోయాను.

ఆ ఎనిమిది నెలలూ నేను వెళ్లిన హాళ్లలో ఫిలమెంట్ లైట్లే ఉండేవి. అది నా అదృష్టమని తర్వాత అర్థమైంది.

ఒక బృందం తమ నాటకం ఆఖరి ప్రదర్శనకు పిలిచింది. మళ్లీ వేసే ఉద్దేశం లేదు, మంచి ఫొటోలు మిగిలితే చాలన్నారు. హాల్లోకి వెళ్తే పాత లైట్లన్నీ తీసేసి కొత్త ఎల్‌ఈడీలు పెట్టారు. చూడ్డానికి అద్భుతంగా ఉన్నాయి, నీలం నుంచి ఎరుపులోకి పాకుతున్నట్టు మారుతున్నాయి. నేనూ సంబరపడ్డాను. ఎపర్చర్ (లెన్సు రంధ్రం, అంకె తగ్గేకొద్దీ వెలుగు ఎక్కువ) 2, షట్టర్ 1/250 సెకను, ఐఎస్ఓ 5000 దగ్గర ఊగుతోంది, సైలెంట్ మోడ్. గంటన్నరలో 640 ఫొటోలు. మధ్యలో ఒకటి రెండు సార్లు వ్యూఫైండర్‌లో బొమ్మ సన్నగా వణికినట్టు అనిపించింది. బ్యాటరీ తగ్గిందేమోనని మార్చాను. వెనక స్క్రీన్ మీద ఫొటోలు చూశాను, బాగానే ఉన్నాయి. అరచేతిలో సగం ఉండే స్క్రీన్ మీద అన్నీ బాగానే ఉంటాయి.

ఇంటికొచ్చి కంప్యూటర్ మీద మొదటి ఫొటో తెరిచాను. తెల్ల చొక్కా వేసుకున్న ముసలి పాత్రధారి, కుర్చీలో ఒరిగి ఉన్నాడు. చొక్కా నిండా అడ్డంగా చారలు, గులాబీ ఒకటి, ఆకుపచ్చ ఒకటి, జంపఖానా కప్పుకున్నట్టు. ఒక చార సరిగ్గా కంటి మీదుగా పోయింది. కంటి పైభాగం వెలుగులో, కింది భాగం నీడలో ఉంది. రెండో ఫొటో తెరిచాను. మూడోది తెరిచాను. ఆ తర్వాత ఒక్కొక్కటీ తెరవడం మానేసి గబగబా కిందికి జరుపుకుంటూ పోయాను. లైట్లు పూర్తి వెలుగులో ఉన్న చోట చారలు పలచగా, మసకబార్చిన చోట గాఢంగా ఉన్నాయి. నాటకంలో మంచి ఘట్టాలన్నీ మసక వెలుతురులోనే జరిగాయి.

ఆ రాత్రి నిద్ర పట్టక ఒక ఫొటోలో చారలు లెక్కపెట్టాను. ఇరవైకి అటూఇటూ తేలాయి. కారణం వెతుక్కుంటూ పోతే ఆ ఇరవైలోనే అంతా ఉంది.

ఎల్‌ఈడీ స్టేజి లైట్‌ను మసకబార్చడమంటే చాలాసార్లు దాన్ని నిజంగా తగ్గించడం కాదు, సెకనుకు కొన్ని వందల, వేల సార్లు ఆర్పి వెలిగించడం. ఆరి ఉండే సమయం ఎక్కువైతే మన కంటికి వెలుగు తగ్గినట్టు కనబడుతుంది. ఫిలమెంట్ అయితే ఎర్రగా కాలిన తీగ కదా, రెప్పపాటులో చల్లారదు, అందుకే దానితో ఈ బాధ లేదు. ఇక సైలెంట్ మోడ్‌లో నా సెన్సర్ బొమ్మ మొత్తాన్ని ఒకేసారి తీయదు. పై వరుస నుంచి కింది వరుస దాకా వరసగా చదువుకుంటూ వస్తుంది. ఆ ప్రయాణానికి సుమారు 1/20 సెకను పడుతుంది. షట్టర్ 1/250 పెట్టినా, 1/4000 పెట్టినా ఆ నడక వేగం అదే. ఆ 1/20 సెకనులో లైటు ఇరవై సార్లు ఆరి వెలిగితే ఇరవై చారలు. అంటే ఆ లైట్లు సెకనుకు దాదాపు 400 సార్లు కొట్టుకుంటున్నాయన్నమాట. ఎరుపు, ఆకుపచ్చ, నీలం విడివిడిగా ఆరి వెలుగుతాయి కాబట్టి చారలకు రంగులు కూడా.

నన్ను ఇప్పటికీ కెలికే లెక్క ఇంకొకటుంది. సెకనుకు 400 అంటే, 1/200 షట్టర్ పెడితే ప్రతి వరుసకూ సరిగ్గా రెండు మిణుకులు అందుతాయి. అన్ని వరుసలకూ సమానంగా వెలుగు పడి, లెక్క ప్రకారం చారలు దాదాపు మాయమవ్వాలి. 1/250 దగ్గర కొన్ని వరుసలకు ఒక మిణుకు, కొన్నిటికి రెండు. డయల్ ఒక్క మెట్టు వెనక్కి తిప్పితే సరిపోయేది. ఒక్క మెట్టు!

మెకానికల్ షట్టర్ వాడి ఉన్నా గట్టెక్కేవాణ్ణి. దాని పరదా సెన్సర్ మీదుగా దాటడానికి నా బాడీలో దాదాపు 1/250 సెకను చాలు. ఇరవై చారల చోట ఒకటో రెండో పడేవి, అవి కూడా మెత్తగా. యాంటీ ఫ్లికర్ (దీపం మిణుకును కనిపెట్టి సర్దుకునేది) అని మెనూలో ఒకటి ఉంది కదా అని అడగొచ్చు. నా బాడీలో అది సెకనుకు 100, 120 సార్లు మిణికే మామూలు కరెంటు దీపాలను మాత్రమే గుర్తిస్తుంది. పైగా సైలెంట్ మోడ్ పెడితే మెనూలో ఆ పేరు బూడిదరంగులోకి మారిపోయి నొక్కనివ్వదు. ఆ బూడిదరంగు నాకు చాలా రోజులుగా కనబడుతూనే ఉంది, ఎందుకని ఎప్పుడూ అడగలేదు.

640లో నలభై దాకా బతికించాను. కొన్నిటిని బ్లాక్ అండ్ వైట్ చేశాను, కొన్నిటిలో చార మీద చార ఎడిటింగ్‌లో తుడుస్తూ కూర్చున్నాను. ఒక్క ఫొటోకు గంట పట్టేది. ఒక తమాషా జరిగింది. కెమెరా నిలువుగా పట్టుకుని తీసిన ఫొటోల్లో చారలు నిలువుగా పడతాయి కదా. జైలు ఘట్టంలోది అలాంటి ఫొటో ఒకటి బ్లాక్ అండ్ వైట్‌లో పంపితే, దర్శకుడు ఫోన్ చేసి, ఊచల నీడ అంత బాగా ఎలా పట్టారు అన్నారు. నిజం చెప్పాను. ఆయన నమ్మలేదు. ఇప్పుడది వాళ్ల రిహార్సల్ గదిలో గోడ మీద ఉంది.

ఆ తర్వాత డిమ్మర్ ఉన్న ఎల్‌ఈడీ దీపం ఒకటి పెట్టుకుని తెల్ల గోడ మీద పరీక్షలు చేశాను. ఇది కొనబోయే ఎవరైనా రెండు నిమిషాల్లో చెయ్యొచ్చు. దీపాన్ని బాగా తగ్గించండి, సైలెంట్ మోడ్‌లో 1/1000 పెట్టి గోడను తియ్యండి. చారలు ఎక్కువ, సన్నగా ఉంటే సెన్సర్ నెమ్మదిగా చదువుతోందని అర్థం. అదే దీపాన్ని రెండు బాడీలతో తీసి చారలు లెక్కపెడితే, ఏది వేగమో ఏ బ్రోషరూ చూడక్కర్లేదు. కొన్ని దీపాలకు ఈ మిణుకు ఉండదు, అప్పుడు ఇంకో దీపం వెతకాలి. దీపం దొరక్కపోతే తలుపు చట్రం ముందు కెమెరాను గిర్రున పక్కకు తిప్పుతూ నొక్కండి. చట్రం ఎంత వాలిపోతే సెన్సర్ అంత నెమ్మది.

ఇక నేను మొదట్లో పొగిడిన మిగతా సంగతులు. 6400 గురించి చెప్పింది ఇప్పటికీ నిజమే. కానీ నాయిస్ (అదే గ్రెయిన్) తీసే సాఫ్ట్‌వేర్లు ఈ నాలుగేళ్లలో ఎంత బాగుపడ్డాయంటే, పాత కెమెరాతో 3200లో తీసిన రా ఫైళ్లను (కెమెరా దిద్దని అసలు ఫైళ్లను) మళ్లీ బయటికి తీసి చూస్తే మచ్చలు చాలావరకు పోయాయి. అంటే నేను బాడీ మార్చడానికి చెప్పుకున్న కారణంలో సగం ఇప్పుడు లేదు. చీకట్లో మైనస్ 6 ఈవీ (వెలుతురు కొలత, తగ్గేకొద్దీ చీకటి) దాకా ఫోకస్ చేస్తుందన్నది కూడా అబద్ధం కాదు, అయితే ఆ అంకె 1.4, 1.2 ఎపర్చర్ లెన్సులతో కొలిచేది. నా దగ్గరున్న ఎఫ్/4 జూమ్ బిగిస్తే, 1.4తో పోలిస్తే మూడు స్టాపుల వెలుగు (స్టాపుకు సగం చొప్పున తగ్గి ఎనిమిదో వంతే మిగులుతుంది) అక్కడే పోతుంది. పున్నమి వెన్నెల మైనస్ 3 ఈవీ దగ్గర ఉంటుంది, ఆ జూమ్‌తో అక్కడే ఫోకస్ ముందుకీ వెనక్కీ వెతుక్కుంటూ తిరుగుతుంది. స్టెబిలైజేషన్ (చేతి వణుకును సరిచేసేది) గురించి ఇంకా ఎక్కువే పొగిడాను. ఖాళీ స్టేజిని పావు సెకనులో చేతిలో పట్టుకుని తీస్తే రాయిలా వస్తుంది. నటుడు వేలు కదిపితే ఆ వేలు పొగే. ఇంకోటి, సైలెంట్ మోడ్‌లో నా బాడీ 14 బిట్ల నుంచి 12 బిట్లకు దిగుతుంది, అంటే వెలుగునీడల మెట్లు తగ్గుతాయి. ఎక్కువ ఐఎస్ఓలో నాయిస్ మాటున అది కనబడదు. తక్కువ ఐఎస్ఓలో నీడలు పైకి లాగినప్పుడు తెలుస్తుంది. నాకు పెద్దగా అడ్డు రాలేదు.

ఇప్పుడు మళ్లీ కొనాల్సి వస్తే ఏం చూస్తానంటే, ఐఎస్ఓ అంకె చివరికి చూస్తాను. 2014లో సోనీ ఏ7ఎస్ 12 మెగాపిక్సెళ్లతో, 4,09,600 ఐఎస్ఓతో వచ్చినప్పటి నుంచి లో లైట్ అంటే ఆ అంకేనని నా బుర్రలో పడిపోయింది. అసలు తేడా స్టాక్డ్ సెన్సర్లది, అంటే చదివే సర్క్యూట్లు, మెమరీ వెనకే పొరలుగా పేర్చి ఉండి వేగంగా చదివేవాటిది. 2017లో వచ్చిన సోనీ ఏ9 ఫుల్ ఫ్రేమ్‌లో దానికి దారి వేసింది. 2021లో నికాన్ జెడ్9 ఆ వేగాన్ని నమ్ముకుని మెకానికల్ షట్టర్‌నే తీసేసింది. అది వరుసలన్నీ చదవడానికి సుమారు 1/270 సెకను తీసుకుంటుంది, అంటే నా బాడీ మెకానికల్ పరదా అంత చురుకు. నా ఆ సాయంత్రం లైట్ల కింద దానికీ ఒకటి రెండు చారలు పడేవి. 2023 నాటి సోనీ ఏ9 3 గ్లోబల్ షట్టర్‌తో అన్ని వరుసలనూ ఒకేసారి తీస్తుంది. చార అన్నదే ఉండదు, కాకపోతే మిణుకు మధ్యలో నొక్కితే ఫొటో మొత్తం చీకటి పడొచ్చు. దాని ఐఎస్ఓ మొదలయ్యేదే 250 దగ్గర. మామూలు సెన్సర్లకూ స్టాక్డ్ వాటికీ మధ్య 2024లో వచ్చిన నికాన్ జెడ్6 3 లాంటి పాక్షిక స్టాక్డ్ సెన్సర్లున్నాయి. వేగం పెరిగినందుకు తక్కువ ఐఎస్ఓలో నీడల దగ్గర కొంచెం వదులుకోవాలి. షట్టర్ వేగాన్ని సన్నసన్న మెట్లలో మార్చుకునే సదుపాయం ఉందా అని కూడా అడుగుతాను, నా 1/200 కథ విన్నారు కదా.

ఇదంతా నా పని తీరును బట్టి చెబుతున్నది. రాత్రి ఆకాశం తీసేవాళ్లకు, ఇంట్లో దీపం వెలుగులో పిల్లల్ని తీసుకునేవాళ్లకు, చప్పుడైనా ఫరవాలేదనుకునేవాళ్లకు నా బాడీ తరంవి సెకండ్ హ్యాండ్‌లో ఇప్పటికీ మంచి బేరమే. ముందు మంచి 1.8 లెన్సు ఒకటి కొన్నాకే బాడీ గురించి ఆలోచించండంటాను. స్టేజి, సభలు, ఎల్‌ఈడీ తెరలున్న చోట చప్పుడు లేకుండా తియ్యాల్సిన వాళ్లకు మాత్రం ఇది చెప్పలేను. నా మాట విని కొన్న ఇద్దరిలో ఒకరు పెళ్లిళ్లు తీస్తారు, ఆయనకు ఫోన్ చేసి ముందే చెప్పాను. రెండో ఆయన పక్షులు తీస్తారు. తెల్లవారుజామున ఎల్‌ఈడీలు వేసే పిట్ట ఇంకా తగల్లేదన్నారు.

నేనైతే దీన్ని అమ్మలేదు. ఇప్పుడు హాల్లోకి వెళ్లగానే ముందు లైట్లు నడిపే అబ్బాయి దగ్గరికి వెళ్లి, షోలో ఎంత మసకబారుస్తారో అంత తగ్గించమని అడిగి, గోడ మీద రెండు ఫొటోలు తీసి పెద్దది చేసి చూసుకుంటాను. చారలుంటే షట్టర్‌ను మెట్టు మెట్టుగా మార్చి చూస్తాను. అయినా పోకపోతే మెకానికల్ షట్టర్ పెట్టి వెనక వరుసలో కూర్చుంటాను, జనం నవ్వినప్పుడో చప్పట్లు కొట్టినప్పుడో గబగబా నొక్కుతాను. నిశ్శబ్దంగా ఉన్నప్పుడు కెమెరా ఒళ్లో పెట్టుకుని నాటకం చూస్తున్నాను.