హౌరా నుంచి మహాకరణ్‌కు: నది కింద దాదాపు రెండేళ్లు

కలకత్తా మెట్రోలో హుగ్లీ నది కింది మార్గాన్ని 2024 మార్చి 15న ప్రయాణికులకు తెరిచారు. ఆ నెలాఖరుకే నేను అందులో ఎక్కాను. అప్పటి నుంచి నెలకు ఒకసారి, దసరా ముందు రెండుసార్లు, హౌరా నుంచి నదికి అవతల, బడాబజారు వైపున్న మహాకరణ్ స్టేషనుకు వెళ్లి అదే దారిన తిరిగి వస్తున్నాను. బరంపురంలో మాది బట్టల కొట్టు. రాత్రి బండిలో బయలుదేరి ఉదయం హౌరాలో దిగడం, పగలంతా బడాబజారులో సరుకు చూసుకోవడం, సాయంత్రం బండికి తిరిగి రావడం మా నాన్నగారి కాలం నుంచి ఉన్న పద్ధతి. అంచేత ఇది ఒక్క స్టేషను దూరం పోయి వచ్చేవాడి అభిప్రాయం మాత్రమే. ఆ పై ఊరంతా తిరిగేవారి సంగతి వేరు.

హౌరా వంతెన మీద నా జీవితంలో ఎన్ని గంటలు గడిచిపోయాయో లెక్క కట్టలేను. 1943లో తెరిచిన ఆ వంతెనలో నట్లూ బోల్టులూ లేవనీ, అంతా రివెట్ల బిగింపేననీ నాన్నగారు ప్రతిసారీ చెప్పేవారు. ఆ మాట సాంతం చెప్పడానికి కావలసినంత తీరిక బస్సు ఎప్పుడూ ఇచ్చేది. మా అమ్మవారి జాతర ఠాకురాణి యాత్రనాడు మా ఊరి పెద్దబజారు వీధిలో నిలబడిన వారికి ఆ రద్దీ ఎలాంటిదో వేరే చెప్పనక్కరలేదు, కాకపోతే యాత్ర రెండేళ్లకొకసారి వస్తుంది, వంతెన మీది రద్దీ రోజూ ఉంటుంది.

అలాంటి నదిని మెట్రో 45 సెకన్లలో దాటించింది. నది అడుగున సొరంగం పొడవు 520 మీటర్లు. అది మొదలైన చోట గోడల వెంట నీలి దీపాలు కనిపిస్తాయి, ఆ దీపాలు ఆగిపోతే నది దాటినట్టు. కుదుపు లేదు, చెవులు దిబ్బెళ్లు వేయలేదు, ప్లాట్‌ఫారం అంచున అద్దాల తలుపులు ఉన్నందువల్ల తోపులాటలో పట్టాల మీద పడతామన్న భయమూ లేదు. ఇంటికి వచ్చి, ఇకమీదట బడాబజారు హౌరాకు పక్కవీధేనని కనబడిన ప్రతి వ్యాపారికీ చెప్పాను. ఆ మాట కొంత సవరించుకోవలసి వచ్చింది.

నిరుడు శ్రావణమాసం సరుకు కోసం వెళ్లినప్పుడు, బయలుదేరే వేళకు సేటు కొత్తగా వచ్చిన చీరల కట్ట విప్పాడు. పూర్వమైతే బండికి గంటన్నర ముందే లేచి వంతెన వైపు నడిచేవాణ్ని. ఆ రోజు మాత్రం, నది దాటడానికి ముప్పావు నిమిషం చాలు కదా అనే ధీమాతో, గుమాస్తా బిల్లు రాయడం ముగిసేదాకా కూర్చున్నాను. లేచేసరికి బండికి సరిగ్గా 45 నిమిషాలు ఉంది. తోపుడుబళ్ల మధ్య నుంచి, నెత్తిన మూటలతో ఎదురొచ్చే కూలీలను తప్పించుకుంటూ మహాకరణ్ చేరేసరికే అందులో సగం పోయింది. సంచి తనిఖీ, టోకెను, కిందికి దిగడం, రైలు కోసం నిలబడటం ముగిశాక నది ఎప్పటిలాగే కళ్లు మూసి తెరిచేలోగా వెనక్కు పోయింది. అసలు ప్రయాణం ఆ తరువాత మొదలైంది. నది అడుగుకన్నా లోతున దాటిన రైలు, ఒడ్డు చేరగానే పైకి తేలదు గదా! హౌరా మెట్రో స్టేషను నేలకు 30 మీటర్లకు పైగా లోతున ఉంది, అంటే పదంతస్తుల మేడ ఎక్కినంత. ఒక ఎస్కలేటరు ఎక్కి మలుపు తిరిగితే మరొకటి, అది ముగిస్తే ఇంకొకటి. నేల మీదికి వచ్చాక కూడా, మా వైపు బండ్లు ఆగే కొత్త కాంప్లెక్సు దాకా జనంలో నడక. నేను ప్లాట్‌ఫారం చేరేసరికి చివరి పెట్టె వెనుక ఎర్రదీపం దూరమవుతోంది. ఆ రాత్రి నమూనా చీరల సంచిని తలకింద పెట్టుకుని వెయిటింగ్ హాల్లో పడుకున్నాను. తప్పు మరెవరిదీ కాదు, నా లెక్కదే.

మరుసటి నెల గడియారం పెట్టి చూసుకున్నాను. మెట్రో తలుపు దగ్గర నుంచి నా బండి పెట్టె దాకా 14 నిమిషాలు పట్టింది. అందులో నా మోకాళ్ల వాటా కొంత ఉందని ఒప్పుకోవాలి. ఇప్పుడు బండికి గంటా పది నిమిషాల ముందు కొట్టు నుంచి లేస్తున్నాను. పూర్వంతో పోలిస్తే మిగిలింది 20 నిమిషాలే అయినా, వాన పడినా ఊరేగింపు వచ్చినా ఆ లెక్క మారకపోవడం నాకు ఎంతో ఊరట. 2025 ఆగస్టు 22న ఎస్ప్లనేడ్, సియాల్‌దా మధ్య మిగిలిన ముక్క కూడా కలిపి మార్గమంతా ఒకటి చేశాక మాత్రం, మొదటి నెలల్లో దర్జాగా కూర్చున్న నాకు ఇప్పుడు నిలబడే చోటు దొరికితే చాలుననిపిస్తోంది. ఒక్క స్టేషనే గనుక సర్దుకుపోతున్నాను.

నేను సరుకు మూటలను లారీ ట్రాన్స్‌పోర్టులో వేసి చేతిసంచితో తిరిగే మనిషిని. మూటలు వెంట తెచ్చుకునే మా ఊరి చిన్న వ్యాపారులకు ఈ దారి ఎక్కమని చెప్పలేను. వారికి ఇప్పటికీ టాక్సీయే గతి.

మా ఆవిడకు మాత్రం ఈ రైలు మీద వేరే ఫిర్యాదు ఉంది. కిందటి కార్తీకంలో కాళీఘాట్ దర్శనానికని వెంట వచ్చి, గంగ దాటేటప్పుడు వేయడానికి రూపాయి బిళ్ల గుప్పిట్లో పట్టుకుని కూర్చుంది. కొంతసేపటికి, "ఏమండీ, గంగ ఇంకా రాలేదా?" అని అడిగింది. దాటేశామని నేను చెప్పేసరికి మహాకరణ్ తలుపులు తెరుచుకుంటున్నాయి. ఆ రూపాయి ఇంకా ఆమె సంచిలోనే ఉంది. ఈసారి వెళ్తే లాంచీ ఎక్కించాలని నా దగ్గర మాట తీసుకుంది.