చెరువు పక్కన లాన్‌కి భాస్వరం: డీఏపీ, సూపర్, రాక్ ఫాస్ఫేట్, పశువుల ఎరువు... ఏది మేలు?

బెంగళూరులో బెళ్లందూరు, వర్తూరు చెరువుల వైపు ఇళ్లలో లాన్ పసుపెక్కితే మన తెలుగువాళ్ల చెయ్యి ముందు డీఏపీ బస్తా మీదికే పోతుంది. ఊళ్లో వరికి వేసిన అలవాటు మరి. ఇక్కడ మాత్రం లాన్ మీద పడ్డ వాన పేవర్ రాళ్ల మీదుగా కాలువలోకి, రాజకాలువలోకి (వాననీటిని చెరువుకి చేర్చే పెద్ద కాలువ), చెరువులోకి జారిపోతుంది. బెళ్లందూరు అలుగు పారితే వర్తూరుకి, వర్తూరు నిండితే దక్షిణ పినాకిని నదికి. ఈ చెరువులకి చేరే భాస్వరంలో పెద్ద వాటా మురుగునీళ్లదే. అయినా మన గేటు లోపల మన చేతిలో ఉన్నది ఎరువే కాబట్టి దాని లెక్క చూద్దాం.

1973లో కెనడాలోని ఒంటారియోలో సరస్సుల శాస్త్రవేత్త డేవిడ్ షిండ్లర్ బృందం 226 నంబరు సరస్సుని మధ్యలో తెర కట్టి రెండు చేసింది. ఒకవైపు కార్బన్, నత్రజని మాత్రమే వేశారు. రెండోవైపు ఆ రెండిటితో పాటు భాస్వరం కూడా వేశారు. నాచు కమ్మింది భాస్వరం పడ్డవైపే. మంచినీటిలో సాధారణంగా కొరత భాస్వరానిదే. లీటరుకి సుమారు 0.03 మిల్లీగ్రాములు దాటితే చాలు, చెరువు పచ్చబడటం మొదలవుతుంది.

వెయ్యి చదరపు మీటర్ల తోట, అంటే దాదాపు 10 గుంటలు తీసుకోండి. 5 కిలోల పీ2ఓ5 వేశారనుకుందాం. ఎరువు బస్తా మీద భాస్వరాన్ని ఈ పీ2ఓ5 (భాస్వరం, ఆక్సిజన్ కలిసిన రూపం) లెక్కలోనే రాస్తారు. అందులో అసలు భాస్వరం 2.2 కిలోలు. దానిలో నూటికి ఐదు వంతులు వానకి కొట్టుకుపోయినా 110 గ్రాములు. 12 వేల లీటర్ల ట్యాంకర్లు 300 నింపి, ఆ నీళ్లన్నిటినీ 0.03 గీతకి తేవడానికి ఆ 110 గ్రాములు చాలు. ఒక గ్రాము భాస్వరానికి సుమారు 100 గ్రాముల ఎండు నాచు పెరుగుతుంది. ఆ నాచు చచ్చి కుళ్లేటప్పుడే నీళ్లలో ఆక్సిజన్ అడుగంటి చేపలు తేలతాయి.

అదే 5 కిలోలకి డీఏపీ 11 కిలోలు పడుతుంది, సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ 31 కిలోలు, పశువుల ఎరువైతే రెండున్నర టన్నులు.

డీఏపీలో 46 శాతం పీ2ఓ5 ఉంటే అందులో చాలావరకు నీళ్లలో కరిగేదే. గడ్డి మొదళ్లలో పడ్డ గుళికని రెండు రోజుల తర్వాత తీసి వేళ్ల మధ్య నలిపి చూడండి. ఆకారం అలాగే ఉంటుంది, లోపల మెత్తగా బురదలా ఉంటుంది. భాస్వరం చాలావరకు ఎప్పుడో బయటికి వెళ్లిపోయింది, మిగిలింది తొడుగే. "ఇంకా కరగలేదు, వాన వచ్చినా పర్లేదు" అనుకోవడం ఇక్కడే దెబ్బతీస్తుంది. ఇంకో చిక్కు, డీఏపీ వేశాక లాన్ పచ్చబడేది అందులోని 18 శాతం నత్రజని వల్ల. పచ్చదనం కోసం ఏటా డీఏపీ వేస్తూ పోతే అక్కర్లేని భాస్వరం మట్టిలో పేరుకుంటుంది. అది ఎక్కువైతే ఇనుము, జింకు గడ్డికి అందవు, లేత ఆకులు ఈనెలు పచ్చగా మధ్యలో పాలిపోతాయి. అది చూసి మళ్లీ డీఏపీ! అప్పుడు కావాల్సింది లీటరుకి 5 గ్రాముల అన్నభేది (ఇనుము ఇచ్చే ఫెర్రస్ సల్ఫేట్) పిచికారీ. ముదురు ఆకులు ముందు పసుపెక్కితే నత్రజని లోటు, దానికి కొద్దిగా యూరియా చాలు. భాస్వరం లోటున్న గడ్డి పసుపెక్కదు, ముదురు పచ్చగా, ఊదా ఛాయతో గిడసబారుతుంది.

సూపర్‌లోని 16 శాతం కూడా కరిగేదే, అంచేత కిలోకి కిలో భాస్వరం చూస్తే డీఏపీ కన్నా భద్రమేమీ కాదు. కానీ చెయ్యి జారి పడ్డ గుప్పెడులో భాస్వరం మూడో వంతే. నత్రజని లేదు కాబట్టి పచ్చదనం కోసం ఎవరూ వాడరు. అందులోని జిప్సం కరిగిన భాస్వరాన్ని కొంత పట్టి ఉంచుతుంది.

రాక్ ఫాస్ఫేట్ నీళ్లలో కరగదు, చెరువుకి తక్షణ ముప్పు తక్కువ. పనిచేసేది మాత్రం పుల్లటి మట్టిలోనే, పీహెచ్ 5.5 లోపు ఉంటే. ఉప్పు బోరునీళ్లు ఏళ్ల తరబడి పారించిన తోటలో పీహెచ్ 7 దాటి ఉంటే అది ఇసుక చల్లినట్టే.

పశువుల ఎరువు సహజం కాబట్టి చెరువుకి మంచిదని గట్టిగా నమ్ముతారు. అందులో నత్రజని 0.5 శాతం, పీ2ఓ5 0.2 శాతం. గడ్డి తీసుకునేది నాలుగు పాళ్ల నత్రజనికి సుమారు ఒక పాలు పీ2ఓ5. నత్రజని సరిపోయేలా ఎరువు పోస్తే భాస్వరం మిగిలిపోతుంది. కోళ్ల ఎరువులో రెండూ దాదాపు సమానం, అది చెరువు గట్టు దగ్గర అసలు వద్దు.

మా తీర్పు ఏమిటంటే, అపార్ట్‌మెంట్ లాన్‌కి చాలాసార్లు వీటిలో ఏదీ అక్కర్లేదు. ఎస్టీపీ (మురుగునీటి శుద్ధి కేంద్రం) నీళ్లు పారిస్తుంటే లెక్క వేసుకోండి. శుద్ధి చేశాక కూడా లీటరుకి 5 మిల్లీగ్రాముల భాస్వరం మిగిలిందనుకుంటే, చదరపు మీటరుకి రోజుకి 4 లీటర్ల చొప్పున 200 రోజులు పారించేసరికి ఆ 10 గుంటల్లో 4 కిలోల భాస్వరం పడుతుంది. 20 కిలోల డీఏపీ వేసినట్టే!

మట్టి పరీక్ష చేయించండి. పుల్లటి మట్టికి బ్రే పద్ధతి, లేకపోతే ఓల్సెన్. ఓల్సెన్‌లో అందే పీ2ఓ5 హెక్టారుకి 56 కిలోలు దాటితే భాస్వరం పూర్తిగా ఆపేయండి. నిజంగా తక్కువని తేలితే సూపర్ కొనండి. మే గాలివానలు, సెప్టెంబరు, అక్టోబరు వర్షాలు తప్పించి నవంబరు చివర్లో వేయండి. పైన చల్లకుండా రెండు మూడు అంగుళాల లోతు గుంతలు పొడిచి, అందులో వేసి మట్టి కప్పండి. మన ఎర్రమట్టిలోని ఇనుము భాస్వరాన్ని పట్టేసుకుంటుంది, అయితే అది మట్టిని తాకితేనే. ఆ మట్టే కోతకి గురై చెరువు అడుగుకి చేరితే, ఆక్సిజన్ లేనిచోట ఇనుము ఆ పట్టు వదిలేసి భాస్వరం మళ్లీ నీళ్లలోకి వస్తుంది. అందుకే కాలువ అంచు నుంచి 5 మీటర్లు ఎరువు లేకుండా, కత్తిరించని గడ్డితో వదిలేయండి. పేవర్ల మీద పడ్డ గుళికల్ని పైపు పెట్టి కడగకండి, చీపురుతో ఊడ్చి మళ్లీ బస్తాలో వేయండి.