ఆరేళ్లుగా వాడుతున్నాను: స్పానిష్‌లో దారి తప్పిన సంఖ్యలు

ఉద్యోగం మీద మెక్సికోలోని గ్వాదలహారాకు వచ్చి ఆరేళ్లు దాటింది. స్పానిష్‌లో క్రియలే కష్టమని అందరూ చెబుతారు. నన్ను రోజూ పరీక్షించినవి మాత్రం సంఖ్యలే. కూరగాయల కొట్లో వ్యాకరణం తప్పినా పని జరిగిపోతుంది. సంఖ్య తప్పితే డబ్బు తప్పుతుంది.

అన్నిటికంటే ముందు ఐదు వందల సంగతి. ఐదు సింకో, వంద సియెన్. రెండు వందలు దోసియెంతోస్, నాలుగు వందలు క్వాత్రోసియెంతోస్. ఆ లెక్కన ఐదు వందలు సింకోసియెంతోస్ కావాలి. మొదటి నెల అద్దె ఇస్తూ ఇంటావిడతో అలాగే అన్నాను. ఆవిడ తప్పు పట్టలేదు. చివరి నోటును వేలితో సాపు చేస్తూ "కినియెంతోస్" అని నెమ్మదిగా పలికి, మిగతా వాటితో కలిపి మడిచింది. ఆ మాట అలా చెవిలో ఉండిపోయింది. లాటిన్‌లో ఐదు వందలకు ఉన్న మాటే అరిగి అరిగి ఇలా మిగిలిందని తర్వాత తెలిసింది.

ఏడు, తొమ్మిది వందలకు మాత్రం ఒక పద్ధతి ఉంది. ఏడు సియెతె, కానీ ఏడు వందలు సెతెసియెంతోస్. తొమ్మిది నువేవె, కానీ తొమ్మిది వందలు నోవెసియెంతోస్. ఊనిక, అంటే పలుకులో నొక్కు, మొదటి అక్షరం మీద ఉన్నంతసేపే ఆ అచ్చు 'ఇయె', 'ఉవె' అని సాగుతుంది. ఊనిక తర్వాతి అక్షరాలకు జరగగానే పాత 'ఎ', 'ఒ' తిరిగి వస్తాయి. డెబ్బై సెతెంతా, తొంభై నొవెంతా అయింది కూడా అందుకే. ఈ ఒక్క విషయం ఎవరైనా మొదటి వారంలోనే చెప్పి ఉంటే నాకు చాలా శ్రమ తగ్గేది.

పదకొండు నుంచి పదిహేను వరకు ఓన్సె, దోసె, త్రెసె, కతోర్సె, కిన్సె. పదహారు నుంచి 'పదీ ఆరూ' అన్నట్టు దియెసిసేయిస్. పదకొండు, పన్నెండు, పంతొమ్మిది పలుకుతూ పెరిగిన మనకు ఇది వింతేమీ కాదు. కిన్సె నాకు ఇష్టమైన మాట. ఇక్కడ చాలామందికి జీతం నెలకు రెండుసార్లు వస్తుంది, దాన్ని కిన్సేనా అంటారు. రెండు వారాలు అనడానికి కూడా 'పదిహేను రోజులు' అంటారు, అచ్చం మన పక్షంలాగా.

వంద దగ్గర తెలుగే నాకు సాయపడింది. విడిగా ఉంటే సియెన్, పక్కన చిన్న సంఖ్య చేరితే సియెంతో: నూరు, నూట పదహారు. ఇంగ్లీషు ద్వారా నేర్చుకునేవారు తడబడేచోట నేను ఒక్కసారీ ఆగలేదు.

అసలు ఫిర్యాదు పద్ధతిగా ఉన్న జంట మీదే. అరవై సెసెంతా, డెబ్బై సెతెంతా. మధ్యలో ఒక్క హల్లే తేడా. ఒకసారి రక్తపరీక్షకు పరగడుపున వెళ్లి 67వ నంబరు చీటీతో కూర్చున్నాను. కిటికీ వెనక నుంచి పిలిచింది 77 అనుకుని కదల్లేదు. నా వంతు పోయింది, మరో గంట ఆకలితో కూర్చోవలసి వచ్చింది. ఆరేళ్లయినా, గోల ఉన్నచోట నా చెవిని నేను నమ్మను. ఫోన్ నంబరు రాసుకునేటప్పుడైనా, ధర అడిగేటప్పుడైనా "సేయిస్, సేరో?" (ఆరు, సున్నానా?) అని అంకెలు విడదీసి అడుగుతాను. ఇంతవరకు ఎవరూ విసుక్కోలేదు.