తోలు సీటు: ఎండలో బంగారం, వానలో?

సైకిల్ మీద లాంగ్ రైడ్లకు కొన్నేళ్లుగా తోలు సీటే వాడుతున్నాను. బరువు, రంగు లాంటి వివరాలు ఎక్కడైనా దొరుకుతాయి కాబట్టి వాటి జోలికి పోను. 150 కిలోమీటర్లు దాటాక కూడా ఎక్కి కూర్చోబుద్ధేసే సీటు నాకు ఇదొక్కటే దొరికింది.

మెత్తటి ఫోమ్ సీటు మొదటి గంట బాగానే ఉంటుంది. తర్వాత ఎముకల కింద అణిగిపోయి మధ్యలో ఉబ్బుతుంది, ఆ ఒత్తిడి నరాల మీద పడి తిమ్మిరెక్కుతుంది. నా తోలు సీటులో ఫోమే లేదు. ముందూ వెనకా రివెట్లతో బిగించిన మందపాటి తోలు నవారు మంచంలా సాగి, బరువు మోస్తుంది. మొదట్లో చెక్క మీద కూర్చున్నట్టే ఉంది. కొన్ని వందల కిలోమీటర్లకు పిరుదుల ఎముకలు ఆనే చోట రెండు చిన్న గుంటలు పడ్డాయి. ఇక ఆ తిమ్మిరి మళ్లీ రాలేదు.

ఆ గుంటలు పడితే చాలు, ఇంకేమీ చూసుకోనక్కర్లేదని అందరికీ చెప్పేదాన్ని. ఇప్పుడు అంత ధీమాగా చెప్పను.

ఒక 400 కిలోమీటర్ల బ్రెవేలో (గడువులోగా పూర్తి చేయాల్సిన లాంగ్ సైకిల్ రైడ్) రాత్రంతా వాన. టైమ్ 27 గంటలే, ఆగి కూర్చునే వీలు లేదు. సీటుకి కవర్ వేసే ఉంది, పైనుంచి చుక్క దిగలేదు. నీళ్లు వచ్చింది కిందనుంచి. నా సైకిల్‌కి మడ్‌గార్డ్ లేదు, వెనక చక్రం చిమ్మిన నీళ్లన్నీ సీటు అడుగునే కొట్టాయి. అక్కడ తోలుకి పాలిష్ ఉండదు, ఇట్టే పీల్చేస్తుంది. తెల్లారేసరికి తోలు మధ్యలో కుంగిపోయి, అంచులు రెండు పక్కలకీ విచ్చుకున్నాయి. తొక్కిన ప్రతిసారీ తొడ లోపలి చర్మం ఆ అంచుకి రాసుకుంటోంది. సీటు ముందు కొస కింద, తోలుని బిగించే బోల్టుని స్పానర్‌తో అర చుట్టు బిగించాను. ఇంకా బిగిస్తే తడి తోలు రివెట్ల దగ్గర చిరుగుతుందని భయం. మిగతా దూరం సగం నిలబడే తొక్కాను.

ఎండలో పెట్టకుండా నీడలో ఆరబెడితే బిగువు చాలావరకు తిరిగొచ్చింది. కానీ ఎడమ గుంట కాస్త లోతుగానే ఉండిపోయింది. ఇప్పుడు మైనం అడుగున కూడా పూస్తాను, పొడవాటి మడ్‌గార్డ్ బిగించాను. ఆ తర్వాత వానలు పడ్డా సీటు కుంగలేదు.

నా హ్యాండిల్ సీటు ఎత్తులోనే ఉంటుంది, నిటారుగా కూర్చుంటాను, అందుకే ఈ వెడల్పు నాకు సరిపోయింది. బాగా ముందుకు వంగి తొక్కేవాళ్లకి ఇదే సీటు తొడలకు అడ్డం రావచ్చు. మడ్‌గార్డ్‌కి చోటు లేని సైకిలైతే, వానాకాలం రైడ్ల కోసం నేనూ దీన్ని కొనను.