పటికా, ఉప్పా: గంజాం తీరంలో పిల్లల స్ఫటికాలకు ఏది మేలు?

బడిలో సైన్సు ప్రదర్శన దగ్గర పడగానే ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి, రాయగడ వైపు తెలుగు ఇళ్ళలో పిల్లలు స్ఫటికాలు పెంచుతామని బయలుదేరడం, పెద్దలు వంటింట్లోని ఉప్పు డబ్బా అందించడం మామూలే. ఉప్పు చవక, ప్రమాదం లేనిది, ఎప్పుడూ చేతికందేది. అయినా సముద్రపు గాలి తగిలే ఊళ్ళలో మొదటి ప్రయోగానికి ఉప్పు కంటే పటికే మేలని నా గట్టి అభిప్రాయం. కారణం ఈ రెండూ నీటిలో కరిగే తీరులోనే ఉంది.

నూరు మిల్లీలీటర్ల నీటిలో 20 డిగ్రీల వద్ద దాదాపు 36 గ్రాముల ఉప్పు కరుగుతుంది. అదే నీటిని మరిగించినా కరిగేది సుమారు 39 గ్రాములే. కాబట్టి వేడినీటిలో కరిగించి చల్లార్చినంత మాత్రాన ఉప్పు పెద్దగా బయటికి రాదు, నీరు ఆవిరి కావడమొక్కటే దారి. పటిక సంగతి వేరు. అది 20 డిగ్రీల వద్ద సుమారు 14 గ్రాములు కరిగితే, 50 డిగ్రీల వద్ద 36 గ్రాములకు పైగా కరుగుతుంది. ద్రావణం చల్లారుతున్నకొద్దీ మిగులు పటిక స్ఫటికాలుగా పేరుకుంటుంది కనుక, తెల్లవారేసరికి గిన్నె అడుగున మెరిసే పలుకులు పిల్లల కంటబడతాయి.

ఇక గాలిలో తేమ. అది సుమారు 75 శాతం దాటితే, ఇక కరగదన్నంత ఉప్పు కలిపిన నీరు ఆవిరి కావడం మానేసి, తిరిగి గాలిలోని చెమ్మనే పీల్చుకుంటుంది. గోపాలపురం, ఛత్రపురం వంటి తీరపు ఊళ్ళలో వానకాలమంతా, వేసవి రాత్రుల్లో కూడా తరచుగా, తేమ ఈ హద్దు దాటే ఉంటుంది. పిల్లవాడు ఎన్నాళ్ళు చూసినా గ్లాసులోని ఉప్పునీరు తరగకపోవడం వాడి తప్పు కాదు, గాలి గుణం. హుమ్మా దగ్గరి ఉప్పు మడులలో పని ఎండాకాలాన్ని నమ్ముకుని సాగి, వానలు పడగానే ఆగిపోయేదీ ఇందుకే. పటిక ద్రావణానికి ఈ చిక్కు దాదాపు లేదు.

అలాగని పటికలో లోపం లేకపోలేదు. వేడికి ఎక్కువ కరిగే గుణం రాత్రి మేలు చేసినా, మధ్యాహ్నం గది వేడెక్కినప్పుడు కీడు చేస్తుంది. రాత్రి పెరిగిన స్ఫటికం అంచులు పగటి ఎండకు కరిగి గుండ్రబడతాయి. అందుచేత గ్లాసును కిటికీ దగ్గర కాక, ఇంట్లో ఎండ సోకని లోపలి గదిలో, కదలని చోట ఉంచాలి. పెంచే పద్ధతి కష్టమైనది కాదు. పొడి చేసిన పటిక 50 గ్రాములను 200 మిల్లీలీటర్ల వేడినీటిలో కలిపి, పలుచటి గుడ్డతో వడగట్టి, కొద్దిగా పళ్ళెంలో పోసి రాత్రంతా వదిలేయాలి. ఏర్పడ్డ పలుకుల్లో అంచులు తిన్నగా ఉన్నదాన్ని ఏరి, వలలు అల్లే సన్నని నైలాన్ దారానికి కట్టి, పూర్తిగా చల్లారిన మిగతా ద్రావణంలో చీపురుపుల్ల ఆధారంగా వేలాడదీయాలి. ద్రావణం ఏమాత్రం గోరువెచ్చగా ఉన్నా ఆ పలుకు కరిగిపోతుంది. ఓపికగా ఉంచితే కొద్ది వారాల్లో ఎనిమిది త్రికోణపు ముఖాలతో వేలిగోరంత స్ఫటికం తయారవుతుంది.

కొనేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. ఒడియా దుకాణాల్లో ఫిటికిరి అని అడిగితే ఇచ్చే, గాజులా వెలుతురు పారే గడ్డ మన పనికి వస్తుంది. నీటిశుద్ధికి వాడే మసక పలకలు సాధారణంగా అల్యూమినియం సల్ఫేటు. వాటితో ఇలాంటి స్ఫటికాలు రావు.

ఉప్పును తీసిపారేయమని నేననడం లేదు. మొట్టమొదట లోపలి అమరిక తేలిన స్ఫటికాలలో ఉప్పు ఒకటి. ఎక్స్ కిరణాలతో స్ఫటికాల నిర్మాణాన్ని తేల్చినందుకు విలియం హెన్రీ బ్రాగ్, ఆయన కుమారుడు లారెన్స్ బ్రాగ్ 1915లో నోబెల్ బహుమతి అందుకున్నారు, అప్పటికి కుమారుడి వయసు 25 ఏళ్ళు. సోడియం, క్లోరిన్ అయాన్లు ఒకదాని పక్కన ఒకటిగా చదరంగా పేర్చుకోవడం వల్లనే ఉప్పు పలుకు ఘనాకారంలో ఉంటుందని, భూతద్దం కింద కల్లుప్పును చూపిస్తూ చెబితే పదేళ్ళ పిల్లలకు చక్కగా అర్థమవుతుంది. ఒక్కోసారి అంచులు మధ్యభాగం కన్నా వేగంగా పెరిగి, మెట్లు మెట్లుగా లోపలికి దిగిన గుంట ఏర్పడుతుంది. పటికలో కన్నా ఉప్పులోనే అది బాగా కనిపిస్తుంది. అయితే పొట్లాల్లో వచ్చే మెత్తటి ఉప్పులో గడ్డకట్టకుండా కలిపే పదార్థాలు స్ఫటికం ఎదుగుదలను చెదరగొడతాయి కాబట్టి కల్లుప్పే వాడాలి.

పంచదారతో పటికబెల్లం కట్టించడం చిన్నపిల్లలకు సరదా, తినడానికీ పనికొస్తుంది. కానీ పాకం చిక్కదనం వల్ల పెరుగుదల నెమ్మది, చీమల బెడద తప్పదు, స్ఫటికం ఆకారమూ స్పష్టంగా తెలియదు. తినేదైతే గిన్నెలు, దారం అన్నీ వేరుగా ఉంచాలి. మైలుతుత్తం (కాపర్ సల్ఫేటు) నీలం చూడముచ్చటగా ఉన్నా, అది కడుపులోకి పోతే విషం, కంటికి హాని, ఇనుప, అల్యూమినియం పాత్రలను తినేస్తుంది, చెరువులో పారబోస్తే చేపలు చస్తాయి. హైస్కూలు పిల్లలకు, అదీ పెద్దవాళ్ళు పక్కనుంటేనే ఇవ్వాలి.

కొరాపుట్, జయపురం వైపు ఎత్తు ప్రాంతాల్లో శీతాకాలపు రాత్రులు చల్లగా ఉంటాయి, గాలీ పొడిగా ఉంటుంది; అక్కడ ఉప్పూ పటికా రెండూ సాగుతాయి. తీరంలో కూడా ఉప్పుకు అనువైన నెలలు అవే. ఫిబ్రవరి 28న జాతీయ సైన్సు దినోత్సవానికి స్ఫటికం సిద్ధం కావాలంటే సంక్రాంతి సెలవులు కాగానే పటిక పలుకును దారానికి కట్టించి, పక్కనే మరో గ్లాసులో కల్లుప్పు ద్రావణాన్ని మూత లేకుండా ఉంచి, రెంటినీ రోజూ స్కేలుతో కొలిచి పుస్తకంలో రాయమని పిల్లలకు చెప్పండి. గ్లాసుల పక్కన ఒక థర్మామీటరు కూడా పెడితే, ఏ రోజు స్ఫటికం పెరిగిందో, ఏ రోజు కరిగిందో వాళ్ళే పోల్చి చెబుతారు.